పితృఋణము – ఉల్లాసము

పుట్టుకతోడనే మూడు ఋణములు వెంటవచ్చునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. ఋషిఋణము అధ్యయనముచేతను, దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను తీరునని పెద్దల నిర్ణయము. మొదటి రెండింటి మాట అట్లుండనిండు. మూడవదానిని గూర్చి మాకు చిరకాలముగ నొక సందేహము కలదు. ఋణమనునది పుచ్చుకొనినదానిని బట్టి యుండును. తండ్రి పొలమిచ్చినచో పొలమును కాపాడియు, విద్య చెప్పించినచో విద్యను వృద్ధిపరచియు, పేరిచ్చినచో పేరు నిలిపియు ఋణము తీర్చుకొనవచ్చును. తండ్రి నవ్వు నిచ్చినచో నేమి చేయవలయును? ఆదివారములను, నదీతీరములను, చెట్లనీడలను ఇచ్చి, తక్కినదేమియు నీయకయే వెడలిపోయినచో ఆ ఋణము నేరీతి లెక్కకట్టవలయును? అసలు అట్టి తండ్రి తన ధర్మమును నెరవేర్చినట్లా, తప్పించుకొనినట్లా? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

మేము జీవితమంతయు లెక్కలు వ్రాసినవారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగిసినది. శాస్త్రములలో ప్రవేశము స్వల్పము. కావున పండితులవలె సిద్ధాంతము చేయజాలము. మేమెరిగిన యొక తండ్రిని ముందుంచుకొని, జమయు ఖర్చును రెండును దాచక చూపి, నిల్వ యెంత తేలునో చదువరులే చూచుకొనునట్లు చేయుదుము.

మాది గంజాము జిల్లా బరంపురము. 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1894 లో జన్మించిన ఊరిది. మా నాన్నగారు 1931 లో ఇచ్చటనే జన్మించిరి. అప్పటికి గంజాము మద్రాసు రాజధానిలోని జిల్లా. 1936 ఏప్రిలు 1 న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురము అందులో చేరినది. ఈ చరిత్రను నాన్నగారు తమ ధోరణిలో చెప్పెడివారు: "అప్పుడు నాకు ఐదేళ్లు. వీథి అరుగు మీద కూర్చున్నాను. నేను కదలలేదు, అరుగు కదలలేదు. రాష్ట్రమే నా కిందనుంచి కదిలిపోయింది." పెద్దలు విచారముతో చెప్పుకొను విషయము ఆయన నోట వినోదమై వచ్చెడిది. విన్నవారు నవ్వెడివారు; నవ్విన పిమ్మట ఆలోచించెడివారు.

ఆయన ఒక కచేరీలో గుమాస్తా. ముప్పది యేండ్లకు పైగా అదే పని. నెల మొదటి తేదీన జీతము, ఇరువదవ తేదీకి చేబదులు. ఒక సైకిలు, ఒక లాంతరు, నాలుగు గిన్నెల క్యారియరు, అద్దె ఇల్లు: ఇదియే ఐశ్వర్యము. మాకొక అక్కయ్య, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. శనివారము రాత్రి భోజనమైన పిమ్మట ఆయన క్యారియరును నేలమీద పెట్టి గరిటెతో మూడుమార్లు కొట్టెడివారు. మరునాడు ప్రయాణమున్నదని దాని యర్థము. ఎచ్చటికని అడుగరాదు. అడిగినవారికి "లంకకు" అనియు, "పాతాళానికి" అనియు సమాధానము వచ్చెడిది.

ఆ ప్రయాణములలో మిక్కిలి దూరమైనది రంభ. ప్యాసింజరు బండిలో బయలుదేరినచో ఛత్రపురము దాటగనే ఋషికుల్యా నది వంతెన, ఆ పిమ్మట గంజాము, హుమ్మా, అటుతరువాత రంభ. హుమ్మా దగ్గర ఉప్పుమళ్లు తెల్లగ మెరయుచుండును. రంభలో దిగినంతనే చిలకసరస్సు. వర్షకాలమున వేయి చదరపు కిలోమీటరులకు మించి విస్తరించు ఆ జలరాశి సముద్రమా, నదియా, చెరువా యని చిన్నతనమున మేము వాదులాడుకొనెడివారము. సముద్రపు ఉప్పునీరును, నదుల మంచినీరును అందు కలియునని నాన్నగారు చెప్పి, "మనమూ అంతే. తెలుగూ ఒడియా కలిసిన నీళ్లం. చేపలు ఇలాటి నీళ్లలోనే బాగా పెరుగుతాయి" అనెడివారు. శీతకాలమున ఉత్తర దేశములనుండి వేలమైళ్లు దాటి వచ్చు పక్షులను చూపి, వాటికి మా బంధువుల పేర్లు పెట్టెడివారు. మెడ నిక్కించి ఒంటరిగ నిలుచు కొంగకు ఎప్పుడును పెదనాన్నగారి పేరే.

దారిపొడుగున ఒక ఆట యుండెడిది. కనబడిన ప్రతివస్తువునకు తెలుగుపేరు నొకరు, ఒడియాపేరు నొకరు చెప్పవలయును. మొగలిని కియా యనియు, సరుగుడును ఝాఉ యనియు, ఉసిరిని అంళా యనియు మేము నేర్చుకొనినది ఆ బండి కిటికీ యొద్దనే. బడిలో మాకు ఒడియా వచ్చినది. వీథిలో కొంత తెలుగు వచ్చినది. కాని చెట్టుపేరు, పిట్టపేరు, గాలిపేరు తెలుగున వచ్చినది మా నాన్నగారి వలననే. గంజాము తీరమున మొగలిపొదలు విస్తారము. ఆ పువ్వులనుండి తీయు సుగంధద్రవ్యము దేశమంతట ప్రసిద్ధము. మొగలిరేకు కోయబోయి ముల్లు గీచుకొనినపుడు తమ్ముడేడ్చినాడు. "ఏడుస్తే ఏడు గానీ, ముల్లుని తిట్టకు. అది లేకపోతే ఆ పువ్వు మనదాకా మిగిలేది కాదు" అని ఆయన ఓదార్చిరి.

కార్తిక పూర్ణిమనాడు తెల్లవారుజామున మా ఒడియా పొరుగువారు పూర్వపు ఓడవర్తకులను స్మరించుచు చిన్నచిన్న పడవలను నీటిలో విడుతురు. దానిని బొయిత బందాణ యందురు. మా ఇండ్లలో కార్తికమున అరటిదొప్పలలో దీపములు విడుచు ఆచారము కలదు. నాన్నగారు రెండింటికిని మమ్ము లేపుకొని పోయెడివారు. "దీపం మనది, పడవ వాళ్లది, అరటిచెట్టు ఇద్దరిదీ" అని ఆయన వ్యాఖ్య. ఆ మాసముననే వనభోజనము. ఉసిరిచెట్టు క్రింద రాళ్లు పేర్చి పొయ్యి చేసి, పులిహోరయు ముద్దపప్పును దప్పళమును తామే వండి, అడ్డాకు విస్తళ్లలో తామే వడ్డించెడివారు. ఆ దినమున అమ్మ పొయ్యి దరికి రాగూడదని ఆయన శాసనము. దారిన పోవు గొల్లపిల్లవాని నైనను పిలిచి విస్తరి వేయక తాము కూర్చుండెడివారు కారు.

ఇంతవరకు జమ. ఇక ఖర్చు.

బంధువులలో ఆయనను గూర్చి ఒక మాట వాడుకలో నుండెడిది: "మంచివాడే కాని ముందుచూపు లేనివాడు." ఆయనతో ఉద్యోగమున చేరినవారు కొందరు సాయంకాలములందు బజారున వర్తకుల చిట్టాలును ఆవర్జాలును వ్రాసి, పైసంపాదనతో స్థలములు కొనిరి, ఇండ్లు కట్టిరి. నాన్నగారికి అట్టి పని పలుమార్లు వచ్చినది. ఆయన అంగీకరింపలేదు. "పగలంతా సర్కారు అంకెలు. రాత్రి షావుకారు అంకెలు. మరి పిల్లల ముఖాలు ఎప్పుడు చదవడం?" అని నవ్వి పంపివేసెడివారు. వినుట కింపుగానున్న మాటయే. కాని దాని మూల్య మొకరు చెల్లించిరి.

మా అక్కయ్య 1971 లో మెట్రిక్యులేషను మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలయ్యెను. కళాశాలలో చేరవలయునని ఆమెకు కోరిక. జీతములు, పుస్తకములు, బట్టలు కలిసి అగు ఖర్చు మా ఇంటికి మించినది. ఏ వర్తకుని చిట్టా వ్రాసినను ఆ ఖర్చు గడచి యుండెడిది. రెండేండ్లకు ఆమెకు వివాహమైనది. మంచి సంబంధమే, బావగారు ఉత్తములు. అయినను ఆమె చదువు ఆగినది, ఆగినదే.

2006 లో నాన్నగారు స్వర్గస్థులైరి. పండ్రెండవనాడు బంధువులు వెళ్లిన పిమ్మట మేము నలుగురము కూర్చుండి ఆయనను తలచుకొనుచుంటిమి. తమ్ముడు రంభ ప్రయాణములను వర్ణించి, ఇట్టి తండ్రి ఎవరికి దొరకునని కన్నీరు పెట్టుకొనెను. అక్కయ్య చాలసేపు విని యిట్లనెను: "నాన్నగారు మనకు ఆదివారాలిచ్చారురా. తక్కిన ఆరురోజులూ అమ్మ ఇచ్చింది. వనభోజనంలో పొయ్యి ఆయనే వెలిగించేవారు. ఆ పప్పూ చింతపండూ నూనే ముందురోజు రాత్రి మేలుకొని సర్దినది ఎవరు?"

ఎవరును మాటాడలేదు. ఆ మాట అసత్యము కాదు, అసూయయు కాదు. వెంటనే త్రోసివేయదగినదియు కాదు. గతించినవారిని గూర్చి మంచియే చెప్పవలయునను ఆచారము మంచిదే కాని, దానిచే బ్రతికియున్నవారి నోరు మూయించుట ధర్మము కాదు. కావున అక్కయ్య వేసిన ప్రశ్నను ముందు పెట్టుకొనియే విచారింతము.

సుఖప్రియుడైన తండ్రి యనగానే పురాణములలో యయాతి స్మరణకు వచ్చును. నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించిన కథ మనవారందరు ఎరిగినదే. శుక్రుని శాపమున ముసలితనము వచ్చిన యయాతి తన యౌవనసుఖము తీరలేదని కుమారుల నొక్కొక్కరిని యౌవనమడిగెను. నలుగురు కాదనిరి. పూరుడు తన యౌవనమును తండ్రికిచ్చి తండ్రి ముసలితనమును తాను ధరించెను. బహుకాలము సుఖించిన పిమ్మట, అనుభవించుటచే కోరిక చల్లారదని గ్రహించి యయాతి యౌవనమును తిరిగియిచ్చి పూరునకు రాజ్యాభిషేకము చేసెను. ఇందు పుత్రుని త్యాగమును అందరు మెచ్చుకొందురు. మాకు కనబడు విషయము వేరు. తండ్రి సుఖమునకు కావలసిన దినములను పుత్రుని ఆయుస్సునుండి తీయవలసి వచ్చినది. తాను సుఖించుటకై పిల్లలనుండి కాలమును తీసికొను తండ్రి యొకడు. తన కాలమును పిల్లలకిచ్చి దానియందే సుఖము పొందు తండ్రి యొకడు. లోకము ఇరువురిని సరదా మనిషి యను ఒక్క పేరుతోనే పిలుచును. కాని వీరు పరస్పర విరుద్ధులు.

ఈ గీటురాయిపై చూచినచో మా నాన్నగారు యయాతి పక్షమునవారు కారు. ఆయనకు పేకాట లేదు, మద్యము లేదు, తనకొకటి పిల్లలకొకటి యను భేదము లేదు. రంభకు పోయినపుడు ఒంటరిగ పోలేదు. ఆయన అమ్ముకొనక దాచుకొనిన సాయంకాలములన్నియు మాకే చెందినవి. అయినను అక్కయ్య ప్రశ్న అచ్చటనే నిలిచియున్నది. ఆ సాయంకాలములలో కొన్నింటిని అమ్మియుండినచో ఆమెకు కళాశాల లభించెడిది. ఇచ్చినది ప్రేమతోనే ఇచ్చినను, పుచ్చుకొనువారికి అప్పుడేది కావలయునో దానిని ఇచ్చినట్లా? దానమునకు పాత్రత యెంత ముఖ్యమో, అడిగి ఇచ్చుటయు అంత ముఖ్యము.

ఇచ్చట ఇంకొక విషయము చెప్పవలసియున్నది. ఉల్లాసమనగా కష్టము తెలియకపోవుట యని కొందరి యభిప్రాయము. కష్టము తెలిసినవాడు నవ్వలేడనియు, నవ్వువాడు తెలియనివాడనియు వారనుకొందురు. 1999 అక్టోబరు 17, 18 తేదీలలో గోపాలపురము సమీపమున తీరము దాటిన తుపాను మా ఊరిని అల్లకల్లోలము చేసినది. వీథిలో పెంకుటిండ్ల కప్పు లెగిరిపోయెను. మేమున్న ఇంటి ముందుగదికి మాత్రము గట్టి కప్పుండుటచే ఇరుగుపొరుగు తెలుగువారు, ఒడియావారు ఇరువదిమంది దాక అందు చేరిరి. గాలిమ్రోతకు పసివారు గుక్కపట్టి ఏడ్చుచుండిరి. అప్పటికి 68 యేండ్ల మా నాన్నగారు లాంతరు ముందు కూర్చుండి, చేతులతో గోడమీద కుందేలును, ఏనుగును, మొసలిని చూపి, ఒక్కొక్క జంతువుచే ఒక్కొక్క భాషలో మాటాడించిరి. పిల్లలు ఏడ్పు మరచిరి. కొంతసేపటికి పెద్దలును నవ్విరి. తెల్లవారిన పిమ్మట ఆయన కత్తి పుచ్చుకొని దారికడ్డముగ పడిన కొమ్మలను నరుకుచు, కూలిన మునగచెట్ల కాయలను ఏరించి, వీథివారందరికి పులుసు కాయించిరి.

ఆ రాత్రి సంగతి మరికొంత అమ్మ చాలకాలమునకు చెప్పినది. అందరును నిద్రించిన పిమ్మట నాన్నగారు లాంతరు వత్తి తగ్గించి, ఇంటిలో మిగిలిన బియ్యమును సోలతో కొలిచి, మరల కొలిచి, మరల కొలిచిరట. చేతులు వణకుచుండెనట. ఆమె మేలుకొనియున్నట్లు ఆయన ఎరుగరు.

ఈ మాట విన్ననాటినుండి ఆయన నవ్వును మేము వేరుగ చూచుచున్నాము. అది స్వభావమే కాదు, ప్రయత్నము కూడ. ఇరువది యవ తేదీన చేబదులు తెచ్చిన మనిషి ఇరువదియొకటవ తేదీన క్యారియరుపై గరిటెతో కొట్టుటకు ఎంతో కొంత శ్రమ పడవలయును. ఆ శ్రమను ఆయన ఎవరికిని చూపలేదు. కడుపు నింపుట యొక బాధ్యత యైనచో, ఇంటిలో భయము చేరకుండ కాపలా కాయుటయు బాధ్యతయే. మొదటిదానికి లోకమున మెప్పు గలదు. రెండవదానికి సోమరితనమని పేరు వచ్చుటయు కద్దు.

అయినను ఆ కాపలాకు ఒక దోషము గలదు. దానిని అక్కయ్యయే మాకు తెలియజెప్పినది. కొన్నేండ్ల క్రిందట, కళాశాల కావలెనో ఆదివారములు కావలెనో అప్పుడే కోరుకొమ్మనియుండినచో నీవేమి కోరుకొని యుందువని ఆమెను అడిగితిమి. "రెండూ కావాలి. ఒకటిచ్చి రెండోది లేదనడం న్యాయం కాదు" అని ఆమె నవ్వి, కొంత తడవునకు మరల ఇట్లనెను: "నేను ఆయన్ని గట్టిగా అడగనేలేదురా. ఆ నవ్వుముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. అడిగితే అది వాడిపోతుందేమోనని భయం."

ఉల్లాసవంతులైనవారు ఎల్లరును ఈ మాటను మనస్సున నుంచుకొనవలయునని మా మనవి. నవ్వు ముఖమునకు ఎదురుగ దుఃఖము నోరు విప్పదు. ఇంటిలో నొకడు సదా సంతోషముగ నున్నచో తక్కినవారు తమ కోరికలను, తమ కొరతలను వాని కంట పడకుండ దాచుదురు. ప్రేమచేతనే దాచుదురు. ఆయన బియ్యము కొలుచుట మాకు తెలియనీయలేదు. అక్కయ్య కళాశాల కోరిక ఆయనకు తెలియనీయలేదు. ఇరువురును ఒకరినొకరు కాపాడుకొనిరి. ఇరువురి మధ్య నొక ఆవశ్యకమైన మాట మాటాడబడక పోయినది. కావున సంతోషపెట్టుట ఎంత ధర్మమో, సంతోషపెట్టుచున్న వేళ ఆగి, "నీకేమి కావలెను?" అని అడుగుట అంత ధర్మము. రెండవది లేని మొదటిది సగము ధర్మమే యగును. మా నాన్నగారు ఆ సగమును సంపూర్ణముగ చేసిరి. తక్కిన సగము మిగిలినది. ఋణమున మనకు సంక్రమించు భాగము బహుశః అదియే.

తైత్తిరీయోపనిషత్తున భృగువల్లి యని యొక భాగము కలదు. భృగువు తండ్రియైన వరుణునొద్దకు పోయి బ్రహ్మమును తెలుపుమని యడిగెను. తండ్రి గురుతులు మాత్రము చెప్పి, తపస్సుచే నీవే తెలిసికొమ్మనెను. కుమారుడు మొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొనెను. మరల పోయి అడుగగా తండ్రి మరల తపస్సునకే పంపెను. ఆ పిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము, తుదకు ఆనందము. ఆ కథయందు మా కుపయోగించునవి రెండు కలవు. ఒకటి: ఆనందము తుదిమెట్టు, తేలికపాటి వస్తువు కాదు. పిల్లలకు ఆనందము చవి చూపిన తండ్రి తక్కువ చేసినవాడు కాడు. రెండు: మొదటిమెట్టు అన్నము. ఆ మెట్టు త్రొక్కక పై మెట్టున కెగురుటకు వీలులేదు. అంతియే కాదు, ఆనందమును తెలిసికొనిన పిమ్మట ఆ ఉపనిషత్తు మరల అన్నము మాటకే దిగివచ్చి, అన్నమును నిందింపరాదనియు, విస్తారముగ సమకూర్పవలయుననియు, ఇంటికి వచ్చినవానిని కాదనరాదనియు వ్రతములు విధించుచున్నది. ఆదివారమును ఆరు దినములును విడదీయరానివని దీనివలన మేము గ్రహించితిమి. అమ్మ ఇచ్చిన ఆరు దినములు లేనిచో నాన్నగారి ఆదివారము నిలువదు. నాన్నగారి ఆదివారము లేనిచో ఆ ఆరు దినములు ఎందులకో తెలియదు. అక్కయ్య మాట నాన్నగారిపై నేరారోపణ కాదు. అమ్మ పేర వ్రాయవలసిన పద్దును సరియైన ఖాతాలో వ్రాయుట. లెక్కలు వ్రాయువారికి అది నచ్చక మానదు.

ఇక తీర్చుట యెట్లను ప్రశ్న మిగిలినది. ఏటేట తద్దినము పెట్టుచున్నాము. మహాలయమున తర్పణము విడుచుచున్నాము. నువ్వులు, నీరు. పితృదేవతలు కోరునది ఇంత స్వల్పమైయుండుటయే ఆలోచింపదగినది. వారికి కావలసినది వస్తువు కాదనియు, స్మరణ యనియు పెద్దలు ఈ విధముగ తెలిపిరి కాబోలును. స్మరణను గూర్చి మనవారిలో నొక సుందరమైన నమ్మకము కలదు. చేప తన పిల్లలను చూపుచేతను, పక్షి స్పర్శచేతను, తాబేలు తలపుచేతను పెంచునట. నాన్నగారు ఈ సంగతిని మాకు చెప్పినది ఋషికుల్య సముద్రమున కలియు చోట, ఇసుకమీద. ఆ తీరమునకు సముద్రపు తాబేళ్లు వేలకొలదిగ వచ్చి గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుకకు చూడక పోవును. శాస్త్రజ్ఞులు 1994 లో ఆ స్థలమును లోకమున ప్రకటించిరి. ఏబది దినముల కటు ఇటుగ పిల్లలు తామే ఇసుక చీల్చుకొని పైకి వచ్చి నీటివైపు పరుగెత్తును. తల్లి దరి నుండదు. తలపుతో పెంచుననుట కవుల కల్పనయే యైనను, తండ్రి లేని పిమ్మట మా కాకల్పన యందొక సత్యము కనబడినది. బ్రతికియున్నంతకాలము ఆయన మమ్ము చూపుచేతను స్పర్శచేతను పెంచిరి. పోయిన పిమ్మట తలపుచే పెంచుచున్నారు. కాని ఆ తలపు ఇప్పుడు మాలోనే ఉండవలయును. మేము తలచినంతకాలమే ఆయన పెంపకము సాగును.

కావున మాకు తోచిన తీర్పు ఇది. ధనము నిచ్చిన తండ్రి ఋణము ఆయనకే తిరిగి చెల్లింపవచ్చును. వృద్ధాప్యమున పోషించి కొంతవరకు తీర్చుకొనవచ్చును. ఉల్లాసము నిచ్చిన తండ్రి ఋణము వెనుకకు పోదు, ముందునకే పోవలయును. సంతానముచే పితృఋణము తీరునను మాటకు, పిల్లలను కనుటతో తీరునని యర్థము కాదనియు, మనము పుచ్చుకొనినదానిని వారికి చేర్చినపుడే తీరుననియు మా తలంపు. నేడు మన పిల్లలకు బట్టలు, పుస్తకములు, చేతిఫోనులు ఏ కొరతయు లేకుండ లభించుచున్నవి. కళాశాల చదువులు ఆడపిల్లలకును అందుబాటున నున్నవి. అక్కయ్య మనుమరాలు ఇంజనీరింగు చదువుచున్నది. వారికి కొరతగ నున్నది పెద్దల కాలము. నాన్నగారు మిక్కుటముగ నిచ్చినది అదియే. ఆయన ఈయలేనివి మనమిచ్చి, ఆయన ఇచ్చినదానిని ఈయకపోయినచో ఋణము రెట్టింపగునే కాని తగ్గదు.

రాష్ట్రేతరమున నివసించు తెలుగువారికి ఇందు మరియొక బాధ్యత కలదు. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు. సభలు చేసి, భాషను రక్షింపుడని తీర్మానించుట మంచిదే. కాని ఏ పిల్లవాడును తీర్మానమువలన భాష నేర్చుకొనడు. తనతోకూడ నడచుచు, చెట్టును చూపి పేరు చెప్పి, తప్పు చెప్పినపుడు నవ్వించి, మరల చెప్పించు పెద్దవా డొకడుండవలయును. మా కుటుంబమున మూడవ తరము కూడ ఉసిరి యనియు మొగలి యనియు తెలుగున పలుకుచున్నదన్నచో అది ఒక గుమాస్తా బండి కిటికీయొద్ద ఆడించిన ఆట ఫలము. అట్లే ఆ సరస్సు, ఆ తీరము, ఆ తోపులు కూడ ఆయన మాకు విడిచిన ఆస్తియే. కాని మాకు మాత్రమే కాదు. 1981 లో చిలకసరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినది. పట్టికలో పేరుండుట వేరు, వనభోజనమునకు పోయినవారు విస్తళ్లను, సంచులను నీటిలో పారవేయక తిరిగి తెచ్చుకొనుట వేరు. నాన్నగారు పొయ్యి రాళ్లను కూడ ఎక్కడివి అక్కడ పెట్టించి, బూడిదను మన్నుతో కప్పించి, "మనం వచ్చినట్టు చెట్టుకు తెలియకూడదు" అనెడివారు.

తుదకు మా నిల్వ యెంతయని చదువరులు అడుగవచ్చును. అక్కయ్యకు రావలసిన పద్దు ఒకటి చెల్లక నిలిచియున్నది. దానిని ఏ తర్పణమును కొట్టివేయదు. అమ్మ పేరనున్న జమను ఇంతకాలమునకు వ్రాసితిమి. నాన్నగారి పేరనున్నది అంకెలలోనికి రాదు. ఉల్లాసము ధర్మమా యని అడిగినవారికి, తన కాలమును వెచ్చించి పరులకిచ్చునది యైనచో ధర్మమే యని మా సమాధానము. ఆ ఇచ్చుటలో ఎవరి నోరును మూతపడకుండ చూచుకొనవలయునని దానికొక షరతు చేర్చుచున్నాము. తండ్రులైనవారు వచ్చు ఆదివారమున పిల్లలను వెంటబెట్టుకొని ఏ నీటియొడ్డునకో, ఏ చెట్టుక్రిందికో పోవుదురుగాక. అచ్చట వారిని కడుపార నవ్వించి, ఆ పిమ్మట, తొందరపడక, వారికేమి కావలయునో అడుగుదురుగాక.